గోడ నొవ్వని పటము

తెలుగు ఇండ్లలో గోడకు వ్రేలాడు చిత్రమును మనము ‘పటము’ అందుము. దానికి అద్దము వేయించి, చుట్టును చట్రము బిగించుటను ‘పటము కట్టించుట’ అందుము. సంస్కృతమున పటమనగా వస్త్రము. గాజు, కాగితము, కొయ్య తప్ప నూలుపోగైనను లేని వస్తువునకు గుడ్డ పేరు నిలిచియుండుట వింతగా తోచవచ్చును. కాని ఆ పేరులో ఒక చరిత్ర ఉన్నది. మన పూర్వులకు గోడమీద వ్రేలాడదగిన బొమ్మ యనగా గుడ్డమీది బొమ్మయే. పటము గుడ్డగా నున్నంతకాలము దానివలన గోడకు బాధ కలుగలేదు. అది అద్దమును ధరించిన పిమ్మటనే గోడకు మేకు వచ్చినది. ఆ మేకుతో మొదలయిన తగవు నేటికిని ఇంటింట జరుగుచునే యున్నది. ఆ తగవు ఎట్లు పుట్టినది, దానిని తీర్చుటకు ఏయే కాలములవారు ఏయే ఉపాయములు పన్నినారు అను విషయమును ఇచ్చట కొంత విచారింతము.

గోడకును చిత్రమునకును గల సంబంధములలో మిక్కిలి ప్రాచీనమైనది రెండును ఒకటియై యుండుట. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని లేపాక్షి వీరభద్రాలయమున, పదునారవ శతాబ్దమునాటి విజయనగర చిత్రములను చూచినవారికి ఈ సంగతి తెలియును. అచ్చట రాతికప్పుమీద సున్నపు పూత పూసి, ఆ పూతమీదనే చిత్రములు వ్రాసినారు. చిత్రమును వ్రేలాడదీయవలసిన పనియే లేదు. పూత నిలిచినంతకాలము చిత్రము నిలుచును. పూత రాలినచోట చిత్రమును రాలును. గోడ ఆరోగ్యమే బొమ్మ ఆయుర్దాయము. ఆ నాలుగువందల యేండ్ల కప్పును చూచినప్పుడు, గోడపూత యనగా ఏటేట కొట్టి, పూడ్చి, మరల కొట్టదగిన తేలిక వస్తువు కాదని మనకు తోపకపోదు.

రెండవ సంబంధము అతిథికిని గృహస్థునకును ఉన్నట్టిది. చిత్రము వచ్చును, కొంతసేపు ఉండును, పోవును. తెలంగాణములో నేటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాల గ్రామమున నకాషీ చిత్రకారులు వ్రాయుచు వచ్చిన కథాపటములు ఇట్టివి. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, అది గట్టిపడిన పిమ్మట దానిమీద వరుసగా కథాఘట్టములను వ్రాయుదురు. ఒక్కొక్క పటము పదుల అడుగుల పొడవుండెడిది. కులపురాణములు చెప్పు కథకులు దానిని కొయ్యలకు కట్టి, కథ సాగినకొలది విప్పుచు, ముగిసిన పిమ్మట చుట్టి భుజముమీద వేసికొని మరియొక ఊరికి పోవుదురు. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రముల తీరును ఇట్టిదే. కరక్కాయరసమును పాలును పట్టించిన నూలుగుడ్డమీద కలముతో వ్రాసిన ఆ పురాణచిత్రములను దేవాలయములందు త్రాటికో కఱ్ఱకో కట్టి వ్రేలాడదీసెడివారు. గుడ్డకు బరువు తక్కువ. ఆ కొద్ది బరువును గూడ త్రాడో కొయ్యయో స్తంభమో మోసెడిది గాని గోడ మోయలేదు.

ఇంటిలో నిత్యము వ్రేలాడదీయవలసిన వస్తువులు లేకపోలేదు. కండువా, సంచి, గొడుగు, దీపము మొదలగువాని కొఱకు మనవారు చిలకకొయ్యను కల్పించినారు. ఈ కొయ్యను సుత్తితో గోడలోనికి దిగగొట్టలేదు. గోడ కట్టుచున్నప్పుడే ఇటుకల వరుసలనడుమ దాని మొదలును లోతుగా ఇమిడ్చి, పై వరుసలను దానిమీద పేర్చినారు. వెలుపలికి వచ్చిన కొనను చిలుక ఆకారముగా చెక్కినారు. గోడ బరువే ఆ కొయ్యను పట్టుకొనియుండును. ఎంత లాగినను అది కదలదు. దాని చుట్టునున్న పూత పగులదు. ఇక దీపమునకు, పుస్తకములకు, దేవుని ప్రతిమకు గోడలోనే గూడు అమర్చినారు. గూటిలో నిలిచిన వస్తువునకు వ్రేలాడు పనియే లేదు.

చిలకకొయ్యలో ఇమిడియున్న సూత్రము ఒక్కటియే: బరువు మోయవలసినది గోడ, గోడమీది పూత కాదు. పూత ఇంటికి చర్మమువంటిది. వానను చెమ్మను ఆపుట, కంటికి ఇంపుగా నుండుట దాని పని. తరువాత వచ్చిన ఉపాయములలో నిలిచినవన్నియు ఈ సూత్రమును పాటించినవే. చెడినవన్నియు దీనిని మఱచినవే.

తగవు మొదలయినది పందొమ్మిదవ శతాబ్దపు కడపటి భాగమున. 1796 ప్రాంతమున జర్మనీదేశములో అలాయిస్ సెనెఫెల్డర్ అనునతడు రాతిమీద వ్రాసి కాగితముమీద అచ్చువేయు విధానమును కనుగొనెను. 1837లో ఫ్రాన్సుదేశమున గొడెఫ్రాయ్ ఎంగెల్మన్ అనునతడు పలు రంగుల రాతియచ్చునకు పేటెంటు పొందెను. ఆ విద్య మన దేశమునకు వచ్చి, 1878లో పూనాలో చిత్రశాలా ముద్రణాలయము వెలసెను. 1894లో రాజా రవివర్మ బొంబాయిచెంత ఘాట్‌కోపర్‌లో తన రాతియచ్చు కార్యశాలను నెలకొల్పెను. కొన్ని యేండ్లకు అది లోనావలా సమీపమునగల మలవలికి తరలి, పిమ్మట జర్మను నిపుణుడగు ఫ్రిట్జ్ ష్లైషర్ చేతికి వచ్చెను. ఆ కార్యశాలనుండియు, దాని ననుసరించినవానినుండియు వెలువడిన లక్ష్మీ సరస్వతుల చిత్రములు దేశమంతట వ్యాపించినవి. అదే కాలమున ఛాయాచిత్రములును వచ్చినవి. 1880ల దశాబ్దమున లాలా దీనదయాళ్ సికింద్రాబాదులో చిత్రశాల తెరచిననాటికి, సంపన్నుల ఇండ్లలో తాతతండ్రుల రూపములు గోడకెక్కుట ఆరంభమయినది. క్రమముగా ఆ ఆచారము సామాన్యుల ఇండ్లకును వచ్చెను.

కాగితమును చుట్టి దాచినచో చిఱుగును. విప్పియుంచినచో దీపపు పొగ, చెమ్మ, పురుగు దానిని చెఱచును. కావున దానికి అద్దము తప్పనిసరి యయినది. అద్దముతో బరువు వచ్చినది. లెక్క చూచినచో, 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందముగల అద్దమొక్కటియే 2.7 కిలోగ్రాములు తూగును. దానికి కొయ్య చట్రమును వెనుకపలకయు చేరినచో బరువు మఱింత పెరుగును. పైగా ఇది చేర్యాల పటమువలె కథ ముగియగనే దిగివచ్చునది కాదు. దేవుని పటము నిత్యపూజ నందుకొనునది. గతించిన పెద్దల పటము తరములకొలది ఉండవలసినది. ఇట్లు గోడకు మొట్టమొదటిసారిగా శాశ్వతమైన బరువు వచ్చిపడినది. కట్టిన ఇంటిలో క్రొత్తగా చిలకకొయ్య నిముడ్చుటకు వీలులేదు. అందుచేత చేతికి సులభముగా దొరకిన మేకును, సుత్తిని జనులు ఆశ్రయించినారు.

మేకు సున్నపుగోడను ఏమి చేయునో తెలిసికొనుటకు ఆ గోడ తయారగు తీరును తెలిసికొనవలెను. పూర్వము సున్నమును ఇసుకను గానుగలో వేసి, ఎడ్లచేత త్రిప్పించి, మెత్తగా నూరెడివారు. కరక్కాయ, బెల్లము నానవేసిన నీటిని అందు కలుపుట మన దక్షిణదేశమున వాడుక. అట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని రాయిగా మారును. ఈ మార్పు దినములలో ముగియునది కాదు. నెలలు, యేండ్లు పట్టును. ఇట్లు గట్టిపడిన పూత ఇటుకను అంటిపెట్టుకొని యుండును గాని, అదరుపాటును సహింపజాలదు. సుత్తిదెబ్బ పడినప్పుడు మేకు చీలికవలె లోనికి దూరి పూతను నలువైపులకు త్రోయును. అదురు చుట్టుప్రక్కలకు ప్రాకి, పూతకును ఇటుకకును గల పట్టును విడదీయును. పైకి చిన్న బెజ్జమే కనబడును. లోన అరచేతియంత పూత బోలుపడియుండును. కొన్నాళ్లకు పెచ్చు ఊడిపడును.

కీడు అంతటితో ఆగదు. మేకు ఎంత బయటికి పొడుచుకొనియున్నదో, పటము త్రాడు దాని చివర ఎంత దూరమున వ్రేలాడుచున్నదో, అంతగా అది తులాదండమువలె పనిచేసి తన క్రిందనున్న సున్నమును నలుపును. బెజ్జము వదులగును. ఇంటివారు రెండంగుళముల ప్రక్కన మరియొక మేకు కొట్టుదురు. ఇట్లు ఒక్క పటమునకు నాలుగు గాయములు.

ఇదే చిక్కు ఐరోపాలోను వచ్చినది. పారిస్ నగరమున 1725నుండి లూవ్ర్ సౌధములో సాగిన చిత్రప్రదర్శనములయందు చిత్రములను కప్పువఱకు ఒకదానిమీద నొకటిగా క్రిక్కిరియ తగిలించెడివారు. ఇండ్లలోను చిత్రములు పెరిగిన పిమ్మట, పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఒక చక్కని ఏర్పాటు వ్యాప్తికి వచ్చెను. గది నాలుగుగోడలకు కప్పు క్రిందుగా ఒక కొయ్యబద్దను గట్టిగా బిగింతురు. ఇత్తడి కొక్కెమును ఆ బద్ద అంచుమీద తగిలించి, దానినుండి త్రాడో గొలుసో దింపి పటమును కట్టుదురు. కొక్కెమును ఎచ్చటికైనను జరుపవచ్చును. నూరుసార్లు పటములను మార్చినను గోడకు క్రొత్త బెజ్జము పడదు. నేడు చిత్రశాలలలో కనబడు లోహపు పట్టాలకు ఈ కొయ్యబద్దయే మూలము.

మన ప్రాంతపు పాత ఇండ్లలోను దీనికి చుట్టమువంటి పద్ధతి కనబడును. మండువా ఇంటి వసారాలో, ద్వారబంధముల పైభాగమున, గోడపొడవున ఒక కొయ్యబద్దను అమర్చి, పటముల అడుగంచును దానిమీద ఆనించి, తలను త్రాటితో వెనుకకు కట్టి, ముందుకు వంచి వరుసగా నిలుపుట పలువురు చూచియుందురు. ఆ వంపు అలంకారము కొఱకు మాత్రమే కాదు. క్రింద కూర్చున్నవానికి బొమ్మ తిన్నగా కనబడును. వాకిటి వెలుతురు అద్దముమీద పడి కండ్లు చెదరవు. పటము వెనుక గాలి ఆడును. బరువును బద్ద మోయుచుండగా త్రాడు పటమును పడకుండ ఆపుటకు మాత్రము పనికివచ్చును. వడ్రంగి ఒక్కసారి శ్రద్ధతో చేసిన పని మూడుతరముల సుత్తిదెబ్బలను తప్పించినది.

తరువాతి గొప్ప ఉపాయము పుట్టిన చోటు గమనింపదగినది. 1910 ప్రాంతమున లండనులోని బ్రిటిష్ మ్యూజియమున విద్యుద్దీపపు ఉపకరణములను గోడలకు బిగింపవలసివచ్చెను. గోడలు చెడరాదు, పని కంటికి కనబడరాదు అని నియమము. అంతకుముందు పనివారు ఉలితో పెద్ద రంధ్రము తొలిచి, కొయ్య బిరడాను దిగగొట్టి, దానిలో మరమేకును బిగించెడివారు. ఆ భారము వహించిన జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను గుత్తేదారు 1911లో ఒక చిన్న గొట్టమును కనిపెట్టెను. జనపనారను జంతురక్తపు జిగురుతో అంటించి చేసిన గొట్టమది. బరమాతో సన్నని రంధ్రము చేసి గొట్టమును అందులో దూర్చి, మరమేకును త్రిప్పినచో, నార వ్యాకోచించి రంధ్రపు గోడలను అన్నివైపుల సమముగా నొక్కి పట్టుకొనును. సుత్తితో పనిలేదు, అదురు లేదు. నాడు ప్రపంచములోని జనపనారలో అత్యధికభాగము మన వంగదేశమున పండెడిది. 1958లో జర్మనీలో ఆర్తూర్ ఫిషర్ నైలానుతో చేసిన గొట్టమును కనిపెట్టగా, నార స్థానమును ప్లాస్టిక్కు ఆక్రమించినది. నేడు విద్యుత్పనివారి సంచిలో నుండు ఆ రంగురంగుల గొట్టములు ఈ వంశమువే. చిలకకొయ్య సూత్రము ఇచ్చట మరల వచ్చినదని చెప్పవచ్చును: బరువు పూతను దాటి ఇటుకకు చేరినది.

ఇంతలో గోడలే మారినవి. 1824లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ ఇంగ్లండులో పోర్ట్‌లండు సిమెంటునకు పేటెంటు పొందెను. 1914లో మన దేశమున పోరుబందరు కర్మాగారము సిమెంటు ఉత్పత్తిని ఆరంభించెను. క్రమముగా సున్నపు గానుగలు నిలిచిపోయినవి. సిమెంటుపూత సున్నపుపూతకంటె కఠినము. మామూలు మేకు దానిలో దిగక వంగును. బలవంతముగా కొట్టినచో బిళ్లగా పగులును. దీనికితోడు పట్టణవాసము పెరిగి, అద్దెయిండ్ల కాపురము పెరిగినది. అద్దెయింట పటము మనది, గోడ పరులది. ఇల్లు ఖాళీ చేయునాడు బెజ్జములు లెక్కించుట, బయానానుండి సొమ్ము తగ్గించుట అనుభవములోని మాటలే. మేకు కొట్టవలదని ముందే షరతు పెట్టు యజమానులును ఉన్నారు. అందుచేత తల్లిదండ్రుల పటమును సైతము పెట్టెలో పెట్టుకొని కాలము గడుపు కుటుంబము లెన్నియో కలవు. ఈ చిన్న సమస్యలోని అసలు బాధ ఇది.

అట్టివారికి జిగురు విద్య కొంత తోడ్పడినది. దాని పుట్టుకయు రంగు ఊడకుండుట కొఱకే. 1920ల దశాబ్దమున అమెరికాలో మోటారుకార్లకు రెండు రంగులు వేయుచున్నప్పుడు, హద్దుగా అంటించిన కాగితమును తీయగా దానితో రంగును ఊడివచ్చెడిది. త్రీఎమ్ సంస్థలో పనిచేయు రిచర్డ్ డ్రూ 1925లో రంగును చెఱుపక ఊడివచ్చు కాగితపు పట్టీని కనిపెట్టెను. 1930లో పారదర్శకమైన పట్టీని తెచ్చెను. 1990ల దశాబ్దమున సాగి వదలు పట్టీలు వచ్చినవి. వీని మర్మము చిన్నది. గోడకు సమాంతరముగా క్రిందికి లాగినప్పుడు జిగురు సాగి, పలుచనై, అంచునుండి తనంత తాను పట్టు వదలును. గోడనుండి బయటికి లాగినచో మాత్రము రంగును పెకలించుకొనివచ్చును. కావున తీయు తీరులోనే అంతయు ఉన్నది.

అయినను జిగురు గోడను పట్టుకొనదు. గోడమీది కడపటి పొరను పట్టుకొనును. ఆ పొర నునుపైన రంగయినచో తేలికపాటి పటము నిలుచును. చేతికి అంటు సున్నపు వెల్ల అయినచో, జిగురు ఆ పొడిని మాత్రమే పట్టుకొని పటముతోగూడ క్రిందపడును. చెమ్మగోడమీదను అంతియే. కాబట్టి అద్దములేని కాగితపు చిత్రములకు, చిన్న పటములకు జిగురుపట్టీ చాలును. పెద్దల నిలువెత్తు పటమునకు చాలదు.

ఈ చరిత్రనుండి గృహస్థులు గ్రహింపదగిన సంగతులు కొన్ని గలవు. గోడమీద చేయి వేయుటకు ముందు వ్రేలిమడమతో తట్టి వినవలెను. గట్టిధ్వని వచ్చినచోట పూత ఇటుకను అంటియున్నది. బోలుధ్వని వచ్చినచోట ఏమియు తగిలింపరాదు. పాతయింటిలో సుత్తిని మాని బరమాను వాడవలెను. వీలయినచోట ఇటుకను గాక ఇటుకల నడుమ అతుకును తొలువవలెను. అతుకును మరల పూడ్చవచ్చును గాని పగిలిన ఇటుకను అతుకుటకు వీలులేదు. పటము వెనుక త్రాటిని మరీ బిగువుగా కట్టరాదు. త్రాడు అడ్డగీతతో 30 డిగ్రీల కోణమున నున్నచో దాని ఒక్కొక్క భాగముమీద పటము బరువంత బిగువు పడును. 10 డిగ్రీలకు తగ్గినచో ఆ బిగువు బరువునకు దాదాపు మూడురెట్లగును. త్రాళ్లు తెగుట, చట్రపు మూలలు విడుట ఇందువలననే.

గోడవలన పటమునకు గలుగు కీడును మఱవరాదు. వానకాలమున గోడ చెమర్చును. దానికి అంటుకొనియున్న పటము వెనుక గాలి ఆడక బూజు పట్టును, చెదలు చేరును. అడుగు మూలల రెండు బిరడా ముక్కలు అంటించినచో గోడకును పటమునకును నడుమ సందు ఏర్పడును. మండువా ఇండ్ల పటముల వంపునకు ఇది సులభమైన బదులు.

అన్నిటికంటె ముఖ్యమైనది పాతయిండ్ల విషయము. సున్నపుగోడలోని బెజ్జములను సిమెంటుతో పూడ్చుట నేడు మిక్కిలి వాడుకయైనది. సున్నము చెమ్మను పీల్చి విడుచుచుండును. సిమెంటు దానిని అడ్డగించును. అడ్డగింపబడిన చెమ్మ అతుకుచుట్టునున్న సున్నమును తినివేయును. గాయముకంటె మందే ఎక్కువ కీడు చేయును. సున్నపుగోడకు సున్నమే మందు. సన్నని ఇసుకతో కలిపిన సున్నమును, బెజ్జమును తడిపి, కొంచెము కొంచెముగా నింపి ఆరనీయవలెను. పని నెమ్మదిగా సాగునుగాని గోడ నిలుచును.

క్రొత్తగా ఇల్లు కట్టించుకొనువారికి మాత్రము ఈ శ్రమ లేవియు అక్కరలేదు. ఏ గదిలో ఏ పటముండునో పూత వేయకముందే ఆలోచించి, కప్పు క్రిందుగా ఒక్క బద్దను బిగించుమని తాపీపనివానికిని వడ్రంగికిని చెప్పినచో చాలును. సంక్రాంతికి వెల్లవేయునప్పుడు పటములన్నియు చేతులతో దిగివచ్చును. వెల్ల ఆరిన పిమ్మట మరల తమ తమ తావులకు ఎక్కును. చిలకకొయ్యను గోడలో నిమిడ్చిన వారి ముందుచూపునకు మించిన ఉపాయము ఈ నూటయేబది యేండ్లలో ఎవ్వరును కనిపెట్టలేదు. దానికి అయ్యెడి ఖర్చును ఒక కొయ్యబద్ద ఖర్చే.